నక్షత్రానికి అయస్కాంతం ఎక్కడిది?

పోయిన నెల ఈ శీర్షికలో జంట నక్షత్రాల గురించి రాస్తూ, హంస మండలంలోని ఎస్‌ఎస్ సిగ్ని అనే నక్షత్రం "సుమారు 50 రోజులకోసారి పేలుతుంది, అయస్కాంత శక్తికి కూడా ఇందులో పాత్ర ఉంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ వాక్యం నా మెడకు చుట్టుకుంది. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా దాని మీదే. అందుకని ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి దీని సంగతే తేల్చుకుందాం.

ప్రశ్న: పేలిన నక్షత్రం 50 రోజులకు మళ్ళీ పేలడమేమిటండీ? ఒకసారి పేలాక ఇంకేం మిగులుతుంది? అచ్చుతప్పా, లేక మీరే తొందరలో రాశారా?

అచ్చుతప్పు కాదు, నా తొందరే. "పేలుతుంది" అనకుండా "పొంగుతుంది" అని ఉండాల్సింది. ఏరు పొంగుతుంది, తగ్గుతుంది, మళ్ళీ పొంగుతుంది. ఏరు మాత్రం ఎక్కడికీ పోదు.

అక్కడ ఉన్నవి రెండు నక్షత్రాలు. ఒకటి తెల్ల మరుగుజ్జు. బతుకంతా అయిపోయి, లోపలి ఇంధనం ఆరిపోయి, సూర్యుడంత బరువు భూమంత ఉండలోకి కుదించుకుపోయిన నక్షత్రం. రెండోది సూర్యుడి కంటే చిన్నది, చల్లనిది, కొంచెం ఎర్రటిది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి 6 గంటల 36 నిమిషాలకోసారి తిరుగుతాయి. మధ్య దూరం దాదాపు మన సూర్యుడి వ్యాసమంతే. అంత దగ్గరగా ఉంటే ఏమవుతుంది? చిన్న ఉండ గురుత్వం పెద్దదాన్ని పీకుతుంది. ఎర్ర నక్షత్రం కోడిగుడ్డులా సాగి, ఆ కొస నుంచి వాయువు ధారలా కారుతుంది.

కారిన వాయువు తిన్నగా వెళ్ళి తెల్ల మరుగుజ్జు మీద పడదు. తిరిగే నక్షత్రం నుంచి వచ్చింది కాబట్టి దానికీ ఆ తిరుగుడు ఉంటుంది. అందుకని చుట్టూ పళ్ళెంలా పరుచుకుని గింగిరాలు కొడుతుంది. ఈ పళ్ళేన్ని నీళ్ళ ట్యాంకు అనుకోండి. కొళాయి నుంచి నీళ్ళు నిదానంగా పడుతుంటాయి, ట్యాంకు నిండుతుంటుంది, అడుగునున్న గొట్టం సన్నగా ఉండడంతో బయటికి పోయేది తక్కువ. నిండగా నిండగా పళ్ళెం వేడెక్కి, 10,000 డిగ్రీల దరిదాపుల్లో హైడ్రోజన్ పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోతాయి. అప్పుడు గొట్టం ఒక్కసారిగా వెడల్పయినట్టు, నిలవున్న వాయువు వేగంగా లోపలికి జారుతుంది. జారేటప్పుడు ఒరుసుకుని మండినట్టు వెలుగుతుంది. ఎస్‌ఎస్ సిగ్ని వెలుగు ఒకటి రెండు రోజుల్లో సుమారు 40 రెట్లు పెరుగుతుంది. వారమో రెండు వారాలో వెలిగి, ఖాళీ అయ్యాక మళ్ళీ మామూలే. ఇందులో ఏ నక్షత్రమూ పేలలేదు. పళ్ళెం పొంగింది, అంతే.

ఇలాంటివాటిలో మొదట కనిపించింది మిథున రాశిలోని యు జెమినోరమ్. 1855 డిసెంబర్ 15న జాన్ రస్సెల్ హైండ్ చిన్న గ్రహాల కోసం వెతుకుతుంటే ఉండకూడని చోట ఒక నక్షత్రం కనిపించింది. కొన్నాళ్ళకు మాయమైంది. తరవాత మళ్ళీ వచ్చింది. ఎస్‌ఎస్ సిగ్నిని 1896లో హార్వర్డ్ అబ్జర్వేటరీ ఫొటో పలకల్లో లూయిసా వెల్స్ పట్టుకుంది. అప్పటి నుంచి దాన్ని చూసేవాళ్ళు దాదాపు ఏ పొంగునూ వదల్లేదు.

ఇక అయస్కాంతం మాట. ఎలక్ట్రాన్లు ఊడినంత మాత్రాన గొట్టం ఎందుకు వెడల్పవ్వాలి? చాలాకాలం దీనికి సరైన జవాబు లేదు. వాయువు పొరల మధ్య మామూలు రాపిడి ఎంత లెక్కకట్టినా చాలదు, అలాగైతే ట్యాంకు ఖాళీ కావడానికి యుగాలు పట్టాలి. జవాబు దొరికింది 1991లో, స్టీవెన్ బాల్బస్, జాన్ హాలీల లెక్కలతో. పళ్ళెంలో లోపలి పొర వేగంగా, బయటి పొర నెమ్మదిగా తిరుగుతాయి. ఎలక్ట్రాన్లు ఊడిన వాయువు విద్యుత్తును మోస్తుంది కాబట్టి అయస్కాంత బలరేఖలు దానికి అతుక్కుంటాయి. రెండు పొరలకూ అతుక్కున్న బలరేఖ రబ్బరు బ్యాండులా సాగి, లోపలి పొరను వెనక్కి లాగుతుంది, బయటిదాన్ని ముందుకు తోస్తుంది. వెనక్కి లాగబడ్డది వేగం పోగొట్టుకుని ఇంకా లోపలికి జారుతుంది. జారితే బ్యాండు ఇంకా సాగుతుంది. కాసేపట్లో పళ్ళెమంతా కలగాపులగమే. ఈ గణితం మూలాలు 1959లో రష్యాలో వెలిఖోవ్, 1960లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ రాసిన వ్యాసాల్లో అప్పటికే ఉన్నాయి. పళ్ళేలకు దీంతో పనిపడుతుందని ఎవరికీ తట్టలేదు, 30 ఏళ్ళు అలా బీరువాలో ఉండిపోయింది.

ప్రశ్న: నేను పదో తరగతి. అయస్కాంతాన్ని బాగా వేడి చేస్తే దాని శక్తి పోతుందని మా సార్ చెప్పారు. నక్షత్రమేమో వేల డిగ్రీల వేడి. మరి నక్షత్రానికి అయస్కాంతం ఎక్కడిది?

ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. 30 ఏళ్ళు ఫిజిక్స్ చెప్పాను, క్లాసులో ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర అయస్కాంతత్వం పోగొట్టుకుంటుందని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. ఒక్క పిల్లవాడూ ఈ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజుల్లో నా దగ్గర జవాబు ఉండేదీ కాదు.

మీ సార్ చెప్పింది నిజం. కానీ అది ఇనుప ముక్కకు. అక్కడ అయస్కాంతత్వం పరమాణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలబడడం వల్ల వస్తుంది, వేడెక్కితే ఆ వరస చెదిరిపోతుంది. అయస్కాంతానికి రెండో దారి ఉంది. తీగలో కరెంటు పంపితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది, ఇదీ మీ పుస్తకంలో ఉంటుంది చూడు. నక్షత్రంలో తీగ అక్కర్లేదు, వేడి వాయువే తీగ. ఎంత వేడిగా ఉంటే అంత బాగా కరెంటును మోస్తుంది. అంటే ఇనుముకు శత్రువైన వేడే నక్షత్రానికి చుట్టం.

ఇలా పుట్టిన క్షేత్రం ఇలాంటి జంటల్లో రెండు చోట్ల తన ప్రతాపం చూపిస్తుంది.

మొదటిది ఎర్ర నక్షత్రం. మన సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి పాతిక రోజుల పైన పడుతుంది, అయినా మచ్చలు, మంటలు చూపిస్తూనే ఉంటాడు. ఈ ఎర్ర నక్షత్రం జంటకు కట్టుబడి కొన్ని గంటలకే ఒక చుట్టు తిరగాలి. అంత వేగంగా తిరిగితే లోపల కరెంట్లు జోరుగా పుడతాయి, ఒంటినిండా మచ్చలే. దాని నుంచి వీచే గాలి ఈ బలరేఖల వెంట చాలా దూరం పోయి, పోతూ పోతూ జంట తిరుగుడులో కొంత పట్టుకుపోతుంది. అందుకే రెండూ కోట్ల ఏళ్ళలో దగ్గరవుతూ వస్తాయి. దగ్గరైతేనే కొళాయి ఆగకుండా పారుతుంది.

రెండోది తెల్ల మరుగుజ్జు. అసలు కథ ఇక్కడుంది. అంకె చూడు, గాస్ అంటే అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం. భూమి క్షేత్రం అర గాస్ అటూ ఇటూ. ఆస్పత్రి ఎమ్మారై స్కానర్లో మామూలుగా 15,000 గాస్. హెర్క్యులిస్ మండలంలో ఏఎమ్ హెర్క్యులిస్ అనే జంట ఉంది, అందులోని తెల్ల మరుగుజ్జుకు ధ్రువం దగ్గర 1.4 కోట్ల గాస్. దాన్ని మించినవీ ఉన్నాయి. ఏఆర్ అర్సే మేజోరిస్ అనే దానికి 23 కోట్ల గాస్!

అంత క్షేత్రం ఎలా వచ్చింది? పాత జవాబు ఇది. నక్షత్రం కుంచించుకుంటే బలరేఖలూ దానితోపాటు దగ్గరవుతాయి. వ్యాసార్థం 100 రెట్లు తగ్గితే ఉపరితలం 10,000 రెట్లు తగ్గుతుంది, క్షేత్రం 10,000 రెట్లు పెరుగుతుంది. కాగితం మీద నువ్వే వేసి చూడు. 1.4 కోట్లను 10,000తో భాగిస్తే 1,400. అంటే మొదట్లో నక్షత్రానికి 1,400 గాస్ ఉండాలి. సూర్యుడి సగటు క్షేత్రం కొద్ది గాస్‌లే. బలమైన క్షేత్రం ఉన్న నక్షత్రాలు లేకపోలేదు, 1960లో హొరేస్ బాబ్‌కాక్ 34,000 గాస్ ఉన్నదాన్ని చూపించాడు. కానీ అలాంటివి అరుదు, జంటల్లోనేమో అయస్కాంత మరుగుజ్జులు బోలెడు. అందుకే వేరే జవాబులూ వచ్చాయి. తెల్ల మరుగుజ్జు చల్లారుతూ లోపల గడ్డకట్టేటప్పుడు జరిగే కలియదిప్పుడే కరెంట్లు పుట్టిస్తుందని ఒకటి. ఈ పంచాయితీ ఇంకా తెగలేదు. పరీక్షలో వచ్చే ప్రశ్న కాదులే, టెన్షన్ పడకు.

ఇప్పుడు వెలుగు సంగతి. ఏఎమ్ హెర్క్యులిస్‌లో పళ్ళెం లేదు. ఎర్ర నక్షత్రం నుంచి బయల్దేరిన ధార కొంత దూరం మామూలుగా పడుతుంది, తరవాత అయస్కాంత క్షేత్రం దాన్ని పట్టేసుకుంటుంది. అక్కణ్ణించి వాయువుకు సొంత దారి లేదు. బలరేఖ ఎటుంటే అటే, పట్టాల మీద రైలులా తిన్నగా ధ్రువం మీదికి. నేలను తాకే ముందు దాని వేగం ఎంతంటే, భూమికి ఈ చివర నుంచి ఆ చివరకు మూడు నాలుగు సెకన్లలో చేరిపోతుంది. అలా వచ్చి ఒక్కసారిగా ఆగితే వేడి కోట్ల డిగ్రీలకు పోతుంది, ఎక్స్‌రేలు వెలువడతాయి. 1970లో పైకి వెళ్ళిన ఉహురు ఉపగ్రహం జాబితాలో ఉన్న ఒక ఎక్స్‌రే మూలం ఇదేనని తరవాత తెలిసింది.

అదే చోట ఇంకో రకం వెలుగు కూడా పుడుతుంది. వేడి ఎలక్ట్రాన్లు బలరేఖల చుట్టూ స్ప్రింగులా మెలికలు తిరుగుతాయి. 1.4 కోట్ల గాస్‌లో ఒక ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు 39 లక్షల కోట్ల చుట్లు కొడుతుంది. చుట్టు తిరిగే ఎలక్ట్రాన్ కాంతిని వదులుతుంది. ఆ లెక్కన వచ్చే కాంతి మన కంటికి కనపడని పరారుణం, కానీ దానికి రెండింతలు, మూడింతలు, పదింతల పౌనఃపున్యాల్లోనూ వస్తుంది. వాటిలో కొన్ని కంటికి కనిపించే రంగుల్లో పడతాయి. దీన్ని సైక్లోట్రాన్ కాంతి అంటారు. 1976లో శాంటియాగో టాపియా ఏఎమ్ హెర్క్యులిస్ కాంతిని పరీక్షిస్తే, అందులో కొంత ఒకే వైపు మెలి తిరిగిన కాంతి అని తేలింది. నక్షత్రాల్లో అంత మెలిక ఎవరూ చూసి ఉండలేదు. ఆ మెలికను బట్టే అక్కడ ఇంత పెద్ద అయస్కాంతం ఉందని తెలిసింది. అప్పటి నుంచి ఈ రకం జంటలకు పోలార్లు అని పేరు. క్షేత్రం ఎంత గట్టిదంటే, తెల్ల మరుగుజ్జును ఎర్రదానికి కట్టిపడేసింది. రెండూ ఎప్పుడూ ఒకే ముఖం చూపించుకుంటూ 3 గంటల 6 నిమిషాలకు ఒక చుట్టు వేస్తాయి.

పై ప్రశ్నలోని ట్యాంకు గుర్తుందా? ఏఎమ్ హెర్క్యులిస్‌కు ట్యాంకు లేదు, కొళాయి కింద నేరుగా బకెట్టే. అందుకే అది ఎస్‌ఎస్ సిగ్నిలా పొంగదు. ఉన్నట్టుండి మసకబారుతుంది. 13వ తరగతి ప్రకాశం నుంచి 15కి దిగి (నక్షత్రాల తరగతుల్లో అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది), వారాలో నెలలో అక్కడే ఉంటుంది. అంటే ఆరో వంతు వెలుగు. కొళాయి కట్టేసిందెవరు? ఎర్ర నక్షత్రం మీది పెద్ద మచ్చ ఒకటి సరిగ్గా ధార కారే కొస కిందికి వచ్చి ఆపేస్తుందని లివియో, ప్రింగిల్ అనే శాస్త్రవేత్తలు 1994లో అన్నారు. ఒక అయస్కాంతం కొళాయి విప్పి కడుతుంటే, ఇంకోటి పడేదాన్ని ఎక్కడ పడాలో చెబుతోందన్నమాట.

ప్రశ్న: ఆ మెలి తిరిగిన కాంతిని పోలరాయిడ్ చలువ కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే తెలుస్తుందా?

తెలియదు. మొదటి ఇబ్బంది, 13వ తరగతి అంటే కంటికి ఆనే చివరి నక్షత్రం కంటే వందల రెట్లు మసక. రెండోది, చలువ కళ్ళద్దాలు నిలువుగానో అడ్డంగానో ఊగే కాంతిని మాత్రమే వేరు చేస్తాయి. మెలి తిరిగే కాంతికి అవి అన్ని కోణాల్లోనూ ఒకటే.

కానీ మీ ఇంట్లోనే ఒక ఆట ఆడొచ్చు. చలువ కళ్ళద్దాలు కళ్ళకు ఎదురుగా పట్టుకుని కంప్యూటర్ ఎల్‌సీడీ తెర చూస్తూ మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర నల్లబడుతుంది. అది తిన్నగా ఊగే కాంతి. ఇప్పుడు త్రీడీ సినిమా కళ్ళద్దాలు తీసుకోండి. వాటిలో చాలావరకు ఒక అద్దం కుడి మెలికను, ఇంకోటి ఎడమ మెలికను పంపిస్తాయి. అందుకే సినిమా చూస్తూ తల వంచినా బొమ్మ చెదరదు. టాపియా తన టెలిస్కోపు వెనక పెట్టింది, మోటుగా చెప్పాలంటే, ఆ రెండు అద్దాలనే. ఏ అద్దంలోంచి ఎంత కాంతి వచ్చిందో కొలిచి తేడా చూశాడు.

ప్రశ్న: ఉత్తర కిరీటంలో ఒక నక్షత్రం పేలబోతోందని వీడియోల్లో చెబుతున్నారు. మనకేమైనా ముప్పా?

ముప్పేమీ లేదు. అది సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని పేరు టి కరోనే బొరియాలిస్. 1866లోనూ 1946లోనూ వెలిగింది, మధ్య 80 ఏళ్ళు. ఆ లెక్కతోనే 2024 నుంచి చాలామంది దానివైపు కళ్ళప్పగించి కూర్చున్నారు. వెలిగితే కొద్ది రోజులు ధ్రువ నక్షత్రమంత కనిపిస్తుంది.

ఇది పొంగు కాదు, పేలుడే. పడిన హైడ్రోజన్ తెల్ల మరుగుజ్జు ఒంటి మీద పేరుకుని, హైడ్రోజన్ బాంబులా అంటుకుంటుంది. పై పొర ఎగిరిపోతుంది, కింద నక్షత్రం నిక్షేపంగా ఉంటుంది. మన అయస్కాంతం కథలోనూ ఇలాంటిది ఒకటి ఉంది. 1975 ఆగస్టు చివర్లో హంస మండలంలో ఒక నోవా (ఇలాంటి పేలుడుకు అదే పేరు) రెండో తరగతి నక్షత్రంలా వెలిగింది. పదేళ్ళు దాటాక దాని కాంతి పరీక్షిస్తే అదీ ఒక పోలారేనని తేలింది. అయితే తెల్ల మరుగుజ్జు జంట కంటే దాదాపు 2 శాతం వేగంగా తిరుగుతోంది. అంటే ఆ పేలుడు, అయస్కాంతం వేసిన తాళాన్ని కాస్త సడలించిందని అర్థం.

ప్రశ్న: ఎస్‌ఎస్ సిగ్నిని మామూలు మనుషులు చూడొచ్చా? చూసి ఉపయోగం ఏమిటి?

పొంగినప్పుడు 8వ తరగతి, మంచి బైనాక్యులర్‌కు దొరుకుతుంది. మామూలప్పుడు 12. నా ఆరంగుళాల టెలిస్కోపులో చీకటి రాత్రి, దానికేసి తిన్నగా చూడకుండా కాస్త పక్కకు చూస్తే చుక్క ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. కంటి మధ్య భాగం మసక వెలుగుకు మొద్దు, పక్క భాగం చురుకు.

మొదటి ఏడాది నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఒక రాత్రి చూస్తే అది ధగధగా 8.5. పొంగు మొదలైందని ఎగిరి గంతేసి, అర్ధరాత్రి ఒక స్నేహితుణ్ణి లేపి మరీ చెప్పాను. అతను తన టెలిస్కోపు తిప్పి, "పొంగూ లేదు గింగూ లేదు, ముందు నీ పటం తిప్పి పట్టుకో" అన్నాడు. అద్దాల టెలిస్కోపులో ఆకాశం తలకిందులు. పటాన్ని నేను నిటారుగా పట్టుకున్నాను. నేను చూసింది పక్కనున్న ఏ పొంగూ ఎరగని నక్షత్రాన్ని. నోటుబుక్కులో ఆ పేజీ మీద గీత కొట్టాను కానీ చింపలేదు.

ఉపయోగం అడిగారు. హబుల్ టెలిస్కోపు కొలత ప్రకారం ఎస్‌ఎస్ సిగ్ని దూరం 500 కాంతి సంవత్సరాలకు పైగా. అంత దూరమైతే దాని అసలు వెలుగు చాలా ఎక్కువ అయ్యుండాలి, అంత వెలుగుకు కావాల్సిన వాయువు ఆగకుండా పడుతుంటే పళ్ళెం ఎప్పుడూ వేడిగానే ఉండాలి, పొంగడం తగ్గడం ఉండకూడదు. నేను పైన చెప్పిన ట్యాంకు కథంతా గాలికి పోవాలి. రేడియో టెలిస్కోపులతో మళ్ళీ కొలుద్దామంటే, అది రేడియోలో బాగా వెలిగేది పొంగినప్పుడే. పొంగు ఎప్పుడొస్తుందో ముందు చెప్పలేం. అప్పుడు పనికొచ్చింది దేశదేశాల ఔత్సాహికులే. రాత్రుళ్ళు కాపు కాసి, వెలుగు పెరగడం మొదలవగానే కబురు పంపారు, రేడియో టెలిస్కోపులు అటు తిరిగాయి. 2013లో వచ్చిన జవాబు సుమారు 370 కాంతి సంవత్సరాలు. తరవాత గయా ఉపగ్రహమూ అదే చెప్పింది. ట్యాంకు నిలబడింది.

మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఖర్చేమీ లేదు. ఒక నోటుబుక్కు, ఎర్ర కాగితం చుట్టిన టార్చి, పోల్చడానికి చుట్టుపక్కల నక్షత్రాల ప్రకాశం రాసి ఉన్న పటం. ఒకటి దీని కంటే వెలుగు, ఇంకోటి దీని కంటే మసక, ఆ రెంటి మధ్య ఎక్కడుందో అంచనా వేసి తేదీ, టైముతో రాసుకోవడమే. కనపడకపోతే "కనపడలేదు, ఫలానా తరగతి వరకు చూశాను" అని రాయాలి, అదీ లెక్కలోకి వస్తుంది. పటం తలకిందులు పట్టుకోవడం మాత్రం మరిచిపోకండి.